ఫ్రెంచిలో ‘నీసు’కి మాట లేదు

మా పెద్దమ్మ తెనాలి నుంచి ఫ్రాన్సులో నేనుండే లియోఁ నగరానికి వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం బయట భోజనానికి తీసుకెళ్లాను. సోన్ నది ఒడ్డున చిన్న హోటలు, మహా అయితే పది బల్లలుంటాయి. గోడ పలక మీద సుద్దతో రాసినవాటిలో ఆకుపచ్చ పప్పుగింజల సలాడ్ ఉంది. పప్పే కదా, పెద్దమ్మకి నచ్చుతుందనుకున్నాను. మాంసం లేదు కదా అని వెయిటర్‌ని అడిగితే “సాఁ వియాఁద్, వ్వీ మదామ్” అన్నాడు. మాంసం లేకుండానే, అవునమ్మా అని. పెద్దమ్మ నా వైపు వంగి, “నీసేం కలవలేదుగా?” అంది. “లేదు పెద్దమ్మా, అడిగాను” అన్నాను.

ప్లేటు వచ్చింది. నూనెలో మెరుస్తున్న గింజల మధ్య అగ్గిపుల్ల మందాన గులాబీ రంగు ముక్కలు, అంచులు ఎర్రగా వేగి ఉన్నాయి. పెద్దమ్మ ఫోర్కుతో ఒకదాన్ని ప్లేటు అంచుకి జరిపి, “ఇదేంటే?” అంది. లార్దోఁ, అంటే ఉప్పు పట్టించిన పంది మాంసం ముక్క. వెయిటర్‌ని మళ్లీ పిలిచాను. అతను కంగారు పడిపోయాడు. “అది మాంసం కాదు మదామ్, లార్దోఁలే, రుచి కోసం” అన్నాడు. పెద్దమ్మ ఆ పూట రొట్టె, వెన్న తిని లేచింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

అతను అబద్ధం చెప్పలేదు. నేను అడిగిన ప్రశ్నకి సరైన జవాబే ఇచ్చాడు. తప్పు ప్రశ్నలో ఉంది. ఫ్రాన్సులో శాకాహారం అడగడం కష్టమని అందరూ అంటారు కానీ, అది ఎక్కడ చిక్కుబడుతుందో ఎవరూ చెప్పరు. చిక్కు ‘వియాఁద్’ అన్న ఆ ఒక్క మాటలో ఉంది.

మనకి ‘నీసు’ అనే మాట ఉంది. వాళ్లింట్లో నీసు ముట్టరు అంటే చాలు, మేక, కోడి, చేప, రొయ్య, చాలా ఇళ్లలో గుడ్డు కూడా ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. నీసు వండిన గరిటె, నీసు వాసన అన్నా కూడా అర్థమవుతుంది. ఇంగ్లిషులో మాట్లాడినా ‘నాన్‌వెజ్’ అంటాం, అదీ మన దేశంలో పుట్టిన వాడుకే. మన దేశంలో ప్యాకెట్ల మీద ఆకుపచ్చ చుక్క ఉంటే పాలు ఉండొచ్చు, గుడ్డు ఉండకూడదు. ప్రపంచాన్ని ఇలా రెండుగా చీల్చి చూడటం మనకి ఎంత అలవాటంటే, ఇంకోలా కూడా చూడొచ్చని తోచదు.

ఫ్రెంచివాళ్లు అలా చీల్చరు. వాళ్ల బజారు వీధిలో నడిస్తే తెలుస్తుంది. ఎద్దు, దూడ, గొర్రె మాంసం అమ్మేది బూషెరీ. హామ్, సాసేజ్, లార్దోఁ లాంటి పంది సరుకు అమ్మేది షార్క్యుత్రీ. చేపలు అమ్మేది ప్వాసొన్రీ. మూడు దుకాణాలు, మూడు పేర్లు. నిఘంటువులో ‘వియాఁద్’కి అర్థం విశాలంగానే ఉంటుంది కానీ, నోటి వాడుకలో అది బూషెరీ సరుకు దగ్గరే ఆగిపోతుంది. ప్లేటు మధ్యలో ఒక పెద్ద ముక్క ఉంటే వియాఁద్. సలాడ్‌లో చల్లిన హామ్ తునకలు, ఆమ్లెట్‌లో కలిసిన లార్దోఁ వియాఁద్ లెక్కలోకి రావు. కోడిని కూడా ‘వొలాయ్’ అని వేరే వరసలో పెట్టేవాళ్లున్నారు. ఇక చేప సంగతి చెప్పనే అక్కర్లేదు.

చేప విడిపోవడానికి వెనక వందల ఏళ్ల ఉపవాసాల చరిత్ర ఉంది. ఫ్రాన్సు ఒకప్పుడు గట్టి కేథలిక్ దేశం. శుక్రవారాల్లో, ఈస్టర్‌కి ముందు 40 రోజులు పాటించే ‘కారెమ్’ కాలంలో మాంసం తినకూడదనేవాళ్లు. చేప తినొచ్చు. అలాంటి రోజుల్ని ‘మేగ్ర్’ అంటే బక్క రోజులనీ, మామూలు రోజుల్ని ‘గ్రా’ అంటే కొవ్వు రోజులనీ పిలిచేవాళ్లు. మధ్యయుగాల్లో కారెమ్‌లో గుడ్లు, వెన్న కూడా నిషేధమే. రూఆఁ పట్టణంలోని పెద్ద చర్చికి ‘వెన్న గోపురం’ అనే బురుజు ఉంది. 15వ శతాబ్దం చివర్లో మొదలుపెట్టి 16వ శతాబ్దం మొదట్లో పూర్తి చేశారు. కారెమ్‌లో వెన్న తినడానికి అనుమతి కోరి జనం కట్టిన డబ్బుతో అది లేచిందని చెబుతారు. రానురాను గుడ్డుకీ వెన్నకీ నిషేధం సడలింది. మాంసం మానేసి చేప తినడం మాత్రం అలాగే నిలిచిపోయింది. ఇప్పుడు చర్చి ముఖం చూడని కుటుంబాల పిల్లలకి కూడా బడిలో శుక్రవారం చేప పెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. అంచేత ‘మాంసం లేకుండా’ అని మనం అడిగితే, వాళ్ల మనసులో తరతరాలుగా కూర్చున్న జవాబు చేపే.

దీనికి మంచి ఉదాహరణ లియోఁలోనే దొరుకుతుంది. 2021 ఫిబ్రవరిలో మేయర్ గ్రెగొరీ దూసే బడి భోజనాల్లో కొన్నాళ్లపాటు మాంసం ఆపేశారు. కోవిడ్ దూరం పాటించాలి, పిల్లలు త్వరగా తిని లేవాలి, అందరికీ ఒకే మెనూ అయితే సులువు అన్నది ఆయన చెప్పిన కారణం. పెద్ద గొడవైంది. వ్యవసాయ మంత్రి, హోం మంత్రి బహిరంగంగా తప్పుపట్టారు. రైతులు ట్రాక్టర్లతో నగరంలోకి వచ్చారు. ఇంత గొడవకి కారణమైన ఆ ‘సాఁ వియాఁద్’ మెనూలో చేప, గుడ్డు రెండూ ఉన్నాయి! మనవాళ్ల లెక్కలో అది శాకాహారమే కాదు.

మరి ‘వెజెతారియాఁ’ అన్న మాట లేదా అంటే, ఉంది. దాని అర్థం కూడా స్పష్టమే: మాంసం, చేప ఉండవు, గుడ్డు, పాలు ఉంటాయి. 2018లో వచ్చిన ఒక చట్టం బడి క్యాంటీన్లలో వారానికి ఒక వెజెతారియాఁ భోజనం పెట్టాలంది. 2019 నవంబరులో ప్రయోగంగా మొదలై, 2021 చట్టంతో శాశ్వతమైంది. అందులోనూ అర్థం ఇదే. దీనివల్ల కుర్ర వెయిటర్లకి ఈ మాట బాగానే తెలుసు. పల్లెటూరి పాత హోటళ్లలో మాత్రం “మరి చేప తింటారు కదా?” అన్న ప్రశ్న నాకు ఇప్పటికీ ఎదురవుతూ ఉంటుంది. వాళ్ల గొంతులో వెక్కిరింపు ఉండదు, సాయం చేద్దామన్న ఆత్రమే ఉంటుంది. ఇంకో సంగతి, మనల్ని చూడగానే పంది మాంసం మాత్రమే మానేసినవాళ్లం అనుకుని కోడి తెస్తామనేవాళ్లు కూడా ఉన్నారు.

కాబట్టి నా సలహా ఒకటే. వెజెతారియాఁ అన్న మాట చెప్పండి, కానీ అక్కడితో ఆగకండి. మన నీసుని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ పేరు పెట్టి చెప్పండి. నేను చెప్పే వాక్యం ఇది: “జ న మాఁజ్ ని వియాఁద్, ని వొలాయ్, ని జాఁబోఁ, ని ప్వాసోఁ, ని ఫ్రుయి ద మేర్.” నేను మాంసం గానీ కోడి గానీ హామ్ గానీ చేప గానీ సముద్రపు జీవులు గానీ తినను అని. చివరి మాట దగ్గర జాగ్రత్త. ‘ఫ్రుయి ద మేర్’ అంటే అక్షరాలా ‘సముద్రపు పండ్లు’. పండ్లనుకుని తెప్పించుకుంటే రొయ్యలు, నత్తలు, ఆల్చిప్పలు వస్తాయి.

పలకడంలో మన తెలుగు బాగా అక్కరకొస్తుంది. ఫ్రెంచిలో ముక్కుతో పలికే అచ్చులు చాలా ఉన్నాయి. వాటిని ‘న్’ అనో ‘మ్’ అనో గట్టిగా పలికితే వాళ్లకి అర్థం కాదు. పాత తెలుగు పుస్తకాల్లో ఉండి ఇప్పుడు మనం వదిలేసిన అరసున్న సరిగ్గా ఆ ధ్వనికి పనికొస్తుంది. అందుకే ఇక్కడ ఫ్రెంచి మాటలన్నీ దానితోనే రాస్తున్నాను. ‘ప్వాసోఁ’లో సకారాన్ని శుభ్రంగా స లాగే పలకాలి. ఇంగ్లిషు ‘జ఼ూ’లోని ధ్వని వస్తే ‘ప్వాజ఼ోఁ’ అయిపోతుంది, అంటే విషం. గుడ్డుకి మాట ఏకవచనంలో ‘అఫ్’కి దగ్గరగా ఉంటుంది. బహువచనంలో ఆ ఫ్ మాయమైపోతుంది. పెదాలు ‘ఓ’ అనడానికి చుట్టినట్టు చుట్టి లోపల ‘ఏ’ పలికితే వచ్చే ధ్వని అది. గుడ్లు లేకుండా అనాలంటే దాని ముందు ‘సాఁ జ఼్’ చేర్చాలి. నోరు తిరక్కపోతే ఫోనులో గుడ్డు బొమ్మ చూపించి అడ్డంగా తల ఊపండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

గుడ్డు తిననివాళ్లకి అసలు పరీక్ష ఇక్కడే. ఫ్రాన్సులో వెజెతారియాఁ అనగానే వంటగది మొదట ఇచ్చే జవాబు ఆమ్లెట్. కీష్‌లో గుడ్డు, మయొనేజ్‌లో గుడ్డు, గోధుమపిండి క్రెప్‌లో గుడ్డు, క్రెమ్ బ్రూలేలో గుడ్డు. పాలు, వెన్న తింటాం గానీ గుడ్డు తినం అన్నది మనకి సహజం, వాళ్లకి వింత. దానికి ప్రత్యేకమైన మాటే వాడుకలో లేదు. గుడ్డు తప్పించుకుందామని కొందరు ‘వెజెతాలియాఁ’ అంటారు. ‘ర’ బదులు ‘ల’. ఆ ఒక్క అక్షరంతో పాలు, పెరుగు, వెన్న, తేనె కూడా పోతాయి. తర్వాత వెన్న రాసిన రొట్టె కోసం చెయ్యి చాపితే వెయిటర్ అయోమయంలో పడతాడు. అంతకంటే వెజెతారియాఁ అని చెప్పి, వెంటనే గుడ్డు కూడా వద్దని చేర్చడం మేలు. బగెట్ రొట్టె గురించి టెన్షన్ పడక్కర్లేదు. సంప్రదాయ రొట్టెలో ఏముండాలో 1993 నాటి ప్రభుత్వ ఉత్తర్వు తేల్చేసింది: పిండి, నీళ్లు, ఉప్పు, పులిసే పదార్థం. బ్రియోష్ మాత్రం గుడ్డు వేసిందే.

వాక్యం చెప్పేశాం, వెయిటర్ తలూపాడు. అయినా సగం పనే అయింది. కళ్లకి కనిపించే ముక్కని తీసేయడం తేలిక, కనిపించనిది వంట అడుగున ఉంటుంది. ఫ్రెంచి వంటలో సూపులకీ సాసులకీ మూలం ‘ఫోఁ’. ఆ మాటకి అర్థమే అడుగు, పునాది. దూడ ఎముకల్ని వేయించి గంటల తరబడి మరగబెట్టి తీసే రసం అది. ఇప్పుడు చాలా వంటగదుల్లో పొడి డబ్బాల్లో ఉంటుంది. మనం చారుకి కట్టు వాడినట్టు వాళ్లకి ఇది చేతికి అలవాటైన వస్తువు. వండేవాడు దాన్ని మాంసంగా తలచడు కాబట్టి చెప్పడం మరిచిపోతాడు. పేరుపడ్డ ఉల్లిపాయ సూపు ఇందుకు సాక్ష్యం. పైన కాల్చిన రొట్టె, కరిగిన చీజ్, కింద తియ్యగా వేగిన ఉల్లిపాయలు. పేరులో ఎక్కడా మాంసం లేదు. మూలం మాత్రం మామూలుగా గొడ్డు మాంసపు రసం. కూరగాయల సూపు అన్నది కూడా కోడి రసంతో చేసి ఉండొచ్చు. అందుకని రెండో ప్రశ్న తప్పనిసరి: “సె ఫె అవెక్ ద్యు బుయోఁ ద వియాఁద్?” మాంసం రసంతో చేశారా అని. మూడోది, “ఎస్ కిల్యా దె లార్దోఁ దదాఁ?” ఇందులో లార్దోఁ ఉందా అని. పెద్దమ్మ భోజనం చెడ్డ రోజున ఈ మూడో ప్రశ్న నా నోట్లో లేదు.

కొవ్వు సంగతి ప్రాంతాన్ని బట్టి మారుతుంది. నైరుతి ఫ్రాన్సులో, పెరిగోర్ వైపు, బాతు కొవ్వు వంటనూనె లాంటిది. సార్లా బంగాళదుంపలు అని వెల్లుల్లి, పార్స్లీ వేసి ఘుమఘుమలాడుతూ తెచ్చేది దానిలో వేయించిందే. ఉత్తరాన, బెల్జియం సరిహద్దు దగ్గర, ఫ్రెంచ్ ఫ్రైస్‌ని పశువుల కొవ్వులో వేయించే పాత అలవాటు ఇంకా ఉంది. అల్జాస్‌లో పల్చటి తార్త్ ఫ్లాఁబే మీద ఉల్లిపాయతో పాటు లార్దోఁ వేస్తారు, వద్దంటే మానేస్తారు. బ్రెతాఞ్‌లో వెన్న రాజ్యం. అక్కడి సారాజ఼ాఁ గింజల పిండితో పోసే గాలెత్ మన అట్టుకి దూరపు బంధువు. ‘కొఁప్లెత్’ అన్నది హామ్, గుడ్డు, చీజ్ కలిపింది. పుట్టగొడుగులు, చీజ్ మాత్రమే వేయమంటే నిమిషంలో పోసిస్తారు. పెనానికి పంది కొవ్వు రాసే పాత పద్ధతి కొన్నిచోట్ల ఉంది, అడగండి. ఆల్ప్స్ వైపు క్రీములో ఉడికిన దోఫినే బంగాళదుంపల గ్రాతాఁ బాగుంటుంది. అక్కడే దొరికే, బంగాళదుంపలు, చీజ్ కలిపి చేసే తార్తిఫ్లెత్‌లో మాత్రం లార్దోఁ ఉంటుంది.

శాకాహారికి హాయిగా ఊపిరాడేది దక్షిణాన, ప్రొవాఁస్‌లో. అక్కడ నూనె ఆలివ్‌ది. వంకాయ, టమాటా, కాప్సికం, గుమ్మడి జాతి కాయలతో రాతాతూయ్ వండుతారు. ఆ నేల మీద చూసుకోవాల్సింది ఒక్కటే, ఆఁష్వా అనే చిన్న ఉప్పు చేప. నీస్ అనే ఊరి పేరున్న సలాడ్‌లో అది పైకే కనిపిస్తుంది. ఆలివ్‌లు నూరి చేసే తాపెనాద్ పచ్చడిలో నలిగిపోయి కనిపించదు. ఉల్లిపాయలు పరిచి కాల్చే పిస్సలాదియేర్ రొట్టె మీద కూడా ఉంటుంది.

చీజ్ గురించి ఎంత చెప్పినా మిగిలేది ఒక నిర్ణయమే. పాలు విరవడానికి వాడే ‘ప్రెజ్యూర్’ దూడ పొట్టలోంచి తీస్తారు. కోఁతే, రొక్‌ఫోర్, నార్మాఁదీ కామాఁబేర్ లాంటి రక్షిత పేర్ల చీజ్‌లకి అదే వాడాలన్నది నియమం. ఏ చీజ్‌లో ఏముందో వెయిటర్‌కి తెలిసే అవకాశం తక్కువ. సూపర్ మార్కెట్‌లో లేబుల్ మీద మొక్కల లేదా సూక్ష్మజీవుల ప్రెజ్యూర్ అని రాసినవి దొరుకుతాయి, హోటల్లో దొరకవు. తినాలా వద్దా అన్నది బయల్దేరకముందే ఇంట్లో అనుకోండి. మా పెద్దమ్మ తినలేదు, నేను తింటాను, ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చున్నాం. జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలతీన్ విషయం అంత చిక్కు కాదు. పన్నకోటా, బావర్వా లాంటి వణికే స్వీట్లలో ఉంటుంది, అడిగితే చెప్తారు.

చాలామందికి తెలియని సాయం ఒకటుంది. 2015 ఏప్రిల్ నాటి ఉత్తర్వు ప్రకారం ఫ్రాన్సులో ప్రతి హోటలూ తన వంటకాల్లో ఎలర్జీ కలిగించే 14 పదార్థాల వివరం కాగితం మీద చూపించాలి. ఆ పద్నాలుగులో గుడ్డు, చేప, రొయ్యల జాతి, ఆల్చిప్పల జాతి, పాలు ఉన్నాయి. “లా లిస్త్ దె జ఼లెర్జెన్, సిల్ వు ప్లే” అంటే ఒక పట్టిక తెచ్చిస్తారు. వెయిటర్‌కి గుర్తున్నా లేకపోయినా, గుడ్డు గురించీ చేప గురించీ ఆ పట్టిక చెప్తుంది. గుడ్డు తినని తెలుగువాళ్లకి ఇంతకంటే నమ్మకమైన దారి నాకు కనిపించలేదు. మాంసం మాత్రం ఆ జాబితాలో ఉండదు. కాబట్టి ఫోఁ, లార్దోఁ ప్రశ్నలు ఎటూ అడగాల్సిందే. ఎలర్జీ ఉందని అబద్ధం చెప్పమనే స్నేహితులుంటారు. నాకది ఇష్టం లేదు. ఆ మాట వినగానే వంటగదిలో గిన్నెలు, కత్తులు అన్నీ మార్చాల్సి వస్తుంది. నిజంగా ప్రాణం మీదికొచ్చే ఎలర్జీ ఉన్నవాళ్ల మాటకి విలువ కూడా తగ్గుతుంది.

మెనూ మీద ఇంకో గుర్తు వెతకండి. పైన ఇంటి కప్పు పెట్టిన గిన్నె బొమ్మ. 2014 నుంచి ఉన్న ‘ఫె మెజ఼ోఁ’ గుర్తు అది, పచ్చి సరుకుతో అక్కడే వండారని అర్థం. అక్కడే వండితే లార్దోఁ వేయకుండా మనకోసం వండి పెట్టే వీలుంటుంది. ఆ గుర్తు లేని వంటకం బయట తయారై సంచిలో వచ్చిందైతే, వెయిటర్ ఎంత మంచివాడైనా అందులోంచి తీయగలిగింది ఏమీ లేదు.

వేళ కూడా ముఖ్యమే. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు, రాత్రి ఏడున్నర తర్వాత, మధ్యలో చాలా వంటగదులు మూసేస్తారు. రద్దీలో ప్రత్యేకంగా అడిగితే విసుగు సహజం. ముందురోజు ఫోన్ చేసి చెప్తే అదే వంటవాడు సంతోషంగా ఏదో ఒకటి ఆలోచిస్తాడు. ఏం అడిగినా ముందు “బోఁజూర్” అనాలి. ఇది లాంఛనం అనుకుని వదిలేయకండి. మన దగ్గర ఇంటికొచ్చిన మనిషి పలకరించకుండా మంచినీళ్లడిగితే ఎలా ఉంటుందో, బోఁజూర్ లేని ప్రశ్న వాళ్లకి అలా ఉంటుంది. ఆ తర్వాత “వు జ఼ోరియె కెల్క్ షోజ఼్ ద వెజెతారియాఁ?” శాకాహారం ఏమైనా ఉంటుందా అండీ అన్నంత మర్యాద ఆ వాక్యంలో ఉంది.

కాలం మారుతున్న మాట నిజం. పారిస్‌లో మిషెలిన్ గైడ్ మూడు నక్షత్రాలిచ్చిన ఆర్పెజ్ హోటల్ నడిపే వంటవాడు అలాఁ పాసార్ 2001లోనే ఎర్ర మాంసం మానేశారు, 2025లో సొంత తేనె తప్ప జంతు సంబంధమైనదేదీ లేని మెనూకి మారారు. మామూలు వీధి హోటలుకి ఆ గాలి మెల్లగా చేరుతోంది. అక్కడి గార్ ద్యు నోర్ రైల్వేస్టేషన్ వెనక వీధుల్లో ఇడ్లీ, దోసె దొరుకుతాయి, అది అందరూ చెప్పేదే. పెద్దమ్మకి అక్కడి ఇడ్లీ పెట్టాను, తింది. కానీ ఫ్రాన్సు వచ్చి ఫ్రాన్సు తిండి ఒక్కటైనా తినకుండా వెళ్తుందేమో అని నా బాధ.

ఆవిడ తిరుగు ప్రయాణానికి ముందు నీస్ తీసుకెళ్లాను. పాత ఊరి సందులో కట్టెల పొయ్యి, అందులోంచి మీటరు వెడల్పు రాగి పళ్లెం బయటికి లాగారు. పైన మచ్చలు మచ్చలుగా కాలి, మధ్యలో పసుపుగా, ఆవిరి కక్కుతోంది. సొక్కా అంటారు దాన్ని. నా వాక్యం మొత్తం చెప్పి, ఏం వేశారని అడిగాను. చాకుతో గీరి ముక్కలు తీస్తూనే ఆయన జవాబిచ్చాడు. “ప్వా షిష్, ఓ, యుయిల్ దొలీవ్, సెల్. సె తు.” శనగలు, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు. అంతే. మిరియాల పొడి చల్లి కాగితంలో పెట్టిచ్చాడు. పెద్దమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, వేడికి ఊదుకుంటూ, “శనగపిండి అట్టే ఇది” అంది. అంచు కరకరలాడే ముక్కలన్నీ ఏరుకుని తింది.

రెండో పొట్లానికి నేను లేవబోతే కూర్చోమంది. కొంగు సర్దుకుని తనే వెళ్లి వరసలో నిలబడింది. తన వంతు రాగానే ముందు “బోఁజూర్” అంది.